ఇంటిపేర్లు వేరైతే చాలన్నారు

మొన్న మా మనవరాలు చిన్న గొట్టంలో ఉమ్మి పట్టి డీఎన్‌ఏ పరీక్షకి కొరియర్‌లో పంపితే, పూర్వీకుల వివరాలతో పాటు రక్తసంబంధీకుల జాబితా కూడా వచ్చింది. అందులో మా చెల్లెలి మనవడి పేరు చూసి అది మురిసిపోతుంటే, నాకు మాత్రం రాజమండ్రి కాలేజీలో మా ప్రొఫెసరుగారు గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండింది.

డెబ్బైల చివర్లో ఆయన దగ్గర నేను ల్యాబ్ అసిస్టెంటుని. గోదావరి జిల్లాల్లో ఒక కులం వాళ్ళ రక్తానికీ ఇంకో కులం వాళ్ళ రక్తానికీ ఎంత తేడా ఉందో పోల్చడం ఆయన పరిశోధన. మొగల్తూరు వైపు బెస్తవాళ్ళ రక్తం ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని బస్సుల్లో తెచ్చిందీ, నెలల తరబడి పరీక్షలు చేసిందీ నేనే. తీరా వ్యాసం అచ్చయ్యాక చూస్తే అందులో నా పేరు లేదు. అడిగితే, "ఫ్లాస్కు మోసినవాళ్ళ పేర్లు కూడా వేస్తారేంటమ్మా?" అని నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

మరుసటి ఏడు మా ఊరు రావులపాలెంలో మా వర్తక కులం వంతు వచ్చింది. ఒకరికొకరు చుట్టాలు కానివాళ్ళ రక్తమే తీయాలి, లేకపోతే ఒకే ఇంటివాళ్ళను పదేపదే లెక్కపెట్టినట్టవుతుంది. ఉత్తరాదిలో పుట్టి పెరిగిన ఆయన, ఇంటిపేర్లు వేరైతే చాలన్నారు. మేనరికాలు చేసుకునే మా ఇళ్ళలో అక్కది ఒక ఇంటిపేరు, తమ్ముడిది ఇంకొకటి, ఆ అక్క కూతురినే ఆ తమ్ముడికిచ్చి పెళ్ళి! ఆయన రాసుకున్న జాబితాలో సగం మంది నాకు వరసైనవాళ్ళే. కావాలనే నోరు మెదపలేదు. సూదంటే హడలిపోయే మా పెద్దమ్మ కూడా, "నీ ఉద్యోగం కోసమేగా, తియ్యవే" అంటూ చెయ్యి చాపింది.

ఆ ఫలితాలు ఆయన శాస్త్రవేత్తల సభలో చదివిన రోజు, ఒక పెద్దాయన లేచి వీళ్ళు చుట్టాలు కారని ఎలా తేల్చారని అడిగారు. మా ప్రొఫెసరుగారు ధీమాగా నావైపు చెయ్యి చూపించి, "ఆ ఊరి అమ్మాయేనండి, అడగండి" అన్నారు.

"ఇంటిపేర్లు వేరేనండి. వరసకి మాత్రం అందరూ మేనమామలూ, మేనకోడళ్ళేనండి. సారుగారు నన్నడగలేదండి" అన్నాను. సభంతా గొల్లుమంది. ఆయన ముఖం నల్లబడడం కళ్ళారా చూశాను, కడుపు నిండిపోయింది. ఉద్యోగం పోయినా బాధపడలేదు.

పనికిరాదన్న రక్తమంతా సింకులో పారబోయడమే అక్కడ నా ఆఖరి పని. పెద్దమ్మ పేరున్న సీసాని మాత్రం అన్నిటికన్నా చిట్టచివర పారబోశాను.

ఇప్పుడు యంత్రమే వరసలన్నీ పట్టేస్తోంది, ఊళ్ళోవాళ్ళను అడిగే పనే లేదు. నాలా పగబట్టి దాచిపెట్టడం ఇక ఎవరివల్లా కాదు. తన రక్తం సారుగారి పుస్తకంలోకెక్కిందని పెద్దమ్మ పోయేదాకా ఇరుగుపొరుగుకి చెప్పుకుని పొంగిపోయింది. సభలో అంత గట్టిగా మాట్లాడినదాన్ని, ఆవిడకి మాత్రం నిజం చెప్పలేకపోయాను.