రత్నం మాస్టారి పదకొండు కిలోల పెట్టె

2023 జనవరి ఆఖరు. బ్రాడీపేటలో మా షాపుకు కుడిపక్క రక్తం పరీక్షిస్తారు, ఎడమపక్క కోచింగ్ సెంటర్లో బుర్రలు పరీక్షిస్తారు, మధ్యలో నేను ఆంప్లిఫయర్లు పరీక్షిస్తాను. ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని. నా చేతిలో పడ్డాక నోరు తెరిచిన సెట్లు చాలానే ఉన్నాయి. శాశ్వతంగా నోరు మూసుకున్నవీ కొన్ని ఉన్నాయి గానీ వాటి సంగతి ఇక్కడ రాయను.

ఒకరోజు పొద్దున్నే షాపు ముందు ఆటో ఆగింది. అందులోంచి రత్నం మాస్టారు దిగారు. ఆయన తెచ్చిన సామాను ఆటో అతనూ నేనూ చెరోపక్క పట్టి దించుతుంటే, ఆయన నడుముకు బెల్టు కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. అలా చూస్తూ నిలబడటం అలవాటు లేని మనిషని ముఖమే చెబుతోంది.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చర్చి సంగీత బృందంలో ముప్ఫై రెండేళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నారు. బేస్ అంటే లావు తీగల గిటార్. అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే మాత్రం పాట గాల్లో వేలాడుతుంది. అది జనానికి వినపడాలంటే రెండు సామాన్లు కావాలి: శబ్దాన్ని పెంచే హెడ్, బయటికి వినిపించే క్యాబినెట్, అంటే స్పీకరు పెట్టె. మాస్టారివి రెండూ కలిపి డెబ్బై కిలోలు. మిరపకాయలు తొక్కి కుట్టిన గోనెబస్తాను మేం టిక్కీ అంటాం. ఆ లెక్కన ఒకటిన్నర టిక్కీ.

"దీన్ని పదిహేను కిలోల్లోపు చెయ్యాలయ్యా," అన్నారు.

"ఇది ఆంప్లిఫయరండీ మాస్టారూ, అరటిగెల కాదు, సగం కోసి ఇవ్వడానికి."

"అంతకుమించి ఎత్తొద్దన్నాడు డాక్టరు. డిస్కు జారిందట. ఇన్నేళ్ళూ శ్రుతి జారకుండా చూసుకున్నాను గానీ, వీపు వెనకాల సంగతి చూసుకోలేదు."

"మీ బృందంలో అంతా వయసులో ఉన్నవాళ్ళే కదండీ, తలో చెయ్యీ వెయ్యరూ?"

ఆయన నవ్వలేదు. బృందం మొదలుపెట్టిన రోజున ఆయనే ఒక నియమం పెట్టారట. ఎవరు వాయించేది వాళ్ళే మోసుకు రావాలి. వాయిద్యాన్ని మొయ్యలేనివాడు పాటనేం మోస్తాడని. ముప్ఫై రెండేళ్ళు అందరిచేతా మోయించిన ఆ నియమం ఇప్పుడు తిరిగి ఆయన నడుము మీదే కూర్చుంది. బృందాన్ని నడిపే శామ్యూల్ ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. "బేస్ సంగతి నేను కీబోర్డులో ఎడమచేత్తో కానిచ్చేస్తాను, మీరు ముందు వరసలో కుర్చీలో కూర్చోండి మాస్టారూ" అన్నాడట.

"గౌరవంగానే అన్నాడులే. శాలువా ఒక్కటే తక్కువ," అన్నారు మాస్టారు. "కోత పండుగకి నా సామాను నేను మోసుకొస్తే వాయిస్తాను, లేకపోతే ఆ కుర్చీలోనే కూర్చుంటానని మాటిచ్చా."

రైతులు పంటలో కొంత చర్చికి కానుకగా ఇచ్చే ఆ పండుగకు ఇంకా ఐదు వారాలున్నాయి.

పాత హెడ్ విప్పితే బరువంతా ఎక్కడుందో తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్, అంటే రాగితీగ చుట్టిన ఇనుప ముద్ద. దాని బదులు క్లాస్-డి హెడ్ తెప్పించాను. అది కరెంటును క్షణానికి లక్షలసార్లు వేసి తీసి పని నడిపిస్తుంది, అంత ఇనుము అక్కర్లేదు. స్పీకరు అయస్కాంతానికి నియోడిమియం అనే తేలిక రకం, పెట్టెకు పల్చటి ప్లైవుడ్. పెట్టె ఊపిరి పీల్చి వదలడానికి పోర్ట్ అనే రంధ్రం ఒకటుంటుంది. ముందుపక్క చోటు చాలక, దాన్ని అడుగున పెట్టి నాలుగు పొట్టి కాళ్ళు బిగించాను. చాలా తెలివైన పనని నాకు నేనే మెచ్చుకున్నాను. హెడ్ కూడా ఆ పెట్టెలోనే ఇమిడింది. మొత్తం పదకొండు కిలోలు.

మాస్టారు దాని చుట్టూ తిరిగి చూశారు. "టిఫిను క్యారేజీలా ఉందేమయ్యా. ఇందులోంచి బేస్ వస్తుందా, ఉప్మా వస్తుందా?"

ఒక పాట మొత్తం వాయించి, కాసేపు తీగల మీద చెయ్యి ఆనించి ఉంచారు. "పాతది గుండెల మీద గుద్దేది. ఇది భుజం తట్టినట్టుంది."

"మన వయసుకు అదే మంచిదండీ."

మార్చిలో కోత పండుగ వినుకొండ దగ్గర ఒక ఊరి మిరప కళ్ళంలో జరిగింది. రెండు ట్రాక్టరు ట్రక్కులు కలిపి వేదిక చేశారు. రైతులు కానుకగా తెచ్చిన టిక్కీలు కొన్ని దాని మీదే ఓ పక్కన పేర్చి ఉన్నాయి. మాస్టారు పెట్టెను ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కారు. శామ్యూల్ కళ్ళార్పకుండా చూశాడు. ముందు వరసలో ఆయన కోసం ఒక కుర్చీ మాత్రం వేసే ఉంచాడు.

సరిచూద్దామని ఒక తీగ మీటగానే ట్రక్కు ఇనుప అడుగు గలగలా మోగింది. పాత పెట్టె తన బరువుతోనే అణిచిపెట్టేది, ఇది అణచలేదు. "మెత్తటి దాని మీద పెడితే సరిపోతుందండీ," అని నేనే టిక్కీల మీద పెట్టించాను. గలగల ఆగిపోయింది. ముప్ఫయ్యేళ్ళ అనుభవం అంటే ఇదీ అనుకుంటూ దిగి వచ్చాను.

పల్లవి సగంలో ఉండగా శామ్యూల్ గొంతు పట్టేసింది. మాస్టారు కింది తీగ మీటిన ప్రతిసారీ అడుగున ఉన్న పోర్ట్ ఎండుమిరప బస్తాలోకి ఫట్టుమని ఊదుతోంది. ఎర్రటి దుమ్ము లేస్తోంది. పాస్టరు గారు కర్చీఫు తీశారు. ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకుంటున్నారు.

"ఏందయ్యో, పాటకి ఘాటెక్కిందే!" అంది ఓ ముసలామె, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య.

పాట ఆగింది. శామ్యూల్ మైకు పక్కకు తిప్పి, దగ్గుతూనే అన్నాడు. "మాస్టారూ, బేస్ ఆపేద్దామండీ. ఇక నేను కీబోర్డులో చూసుకుంటా."

నేను తల దించుకున్నాను. ఐదు వారాల పని, ఒక మనిషి చోటు, రెండూ నా తెలివితేటల వల్ల పోతున్నాయి.

మాస్టారు పెట్టె వైపు తిరిగారు. గిటారు మెడలోనే ఉంది. వైర్లు పీకి, టిక్కీల మీది పెట్టెను చేత్తో అందుకున్నారు. డ్రమ్స్ అబ్బాయి "ఇటివ్వండి మాస్టారూ" అని లేస్తే, "కూర్చోరా, నీ సామాను నువ్వు చూసుకో" అని మెట్లు దిగి, జనం ముందు కళ్ళంలో గట్టి నేల మీద దాన్ని పెట్టారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు అందుకుని ప్లగ్గు పెట్టుకున్నారు. తలెత్తి శామ్యూల్‌తో, "పల్లవి నించి పట్టు," అన్నారు.

ఏళ్ళ తరబడి పేడతో అలికి గట్టిపడ్డ కళ్ళం అది. ఇనుములా వణకలేదు, గోనెలా ఊదలేదు. కింద కూర్చున్నవాళ్ళకు శబ్దం నేలలోంచే వచ్చింది. ఇందాకటి ముసలామె అరచెయ్యి మట్టికి ఆనించి, పక్కామె చెయ్యి కూడా లాగి అక్కడ పెట్టింది. "చూడు చూడు, కిందనించి వస్తంది!"

ప్రార్థన కూడిక అయ్యాక శామ్యూల్ ఆయన దగ్గరకొచ్చాడు. "పాత పెట్టె అయితే మేం నలుగురం దించేలోపు ప్రసంగం కూడా అయిపోయేదండీ. వచ్చే నెల చీరాల వైపు ఇంకో కూడిక ఉంది. పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి."

"నా సామానుతో వస్తాలేరా. ఇంతకీ ఆ కుర్చీ ఏం చేశావు?"

ఆ కుర్చీలో అప్పటికే నేను కూర్చుని ఉన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

ఆ తర్వాత నేను చేసిన ఏ పెట్టెకూ అడుగున పోర్ట్ పెట్టలేదు. అది చిన్న పాఠం. రెండోది నేర్చుకోవడానికి కొంచెం టైము పట్టింది. సెట్టు తేలిక చెయ్యమని ఎవరైనా వస్తే, ఎన్ని కిలోలని ఇప్పుడు ముందుగా అడగను. ఎక్కడ పెట్టి వాయిస్తారని అడుగుతాను. తర్వాత, మీ సామాను మీరే మోసుకోవాలని ఉందా అని అడుగుతాను. రెండో ప్రశ్నకు చాలామంది ముందు తమ పాత పెట్టె వైపు చూస్తారు. నడుము మీద ఓ చెయ్యి వేసుకుని, రెండో చేత్తో దాన్ని కాస్త ఎత్తి చూస్తారు. ఎంత తగ్గించాలో నాకు అప్పుడే తెలిసిపోతుంది.