చెవి చూసి శిల్పిని చెప్పిన మేడం

మాకు ఆర్ట్ హిస్టరీ చెప్పిన మేడం పోయినవారం కర్మన్‌ఘాట్‌లో తన ఇంట్లోనే కన్నుమూశారు. ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక సినిమా సెట్ కోసం థర్మకోల్ స్తంభాలు చెక్కిస్తున్నాను. పనివాళ్ళకు ఏది ఎంతవరకు చెక్కాలో చెప్పి బయల్దేరాను. పని సగంలో వదిలి వస్తే ఆమెకు నచ్చేది కాదు.

మాది నల్లగొండ పక్క ఊరు. నాన్న ఎల్బీనగర్‌లో షాపుల బోర్డులు రాసేవాడు. బొమ్మ వెయ్యడంలో నన్ను మించినవాళ్ళు లేరన్న పొగరుతో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరాను. స్టూడియో క్లాసులకు పరుగెత్తేదాన్ని. మేడం క్లాసులో మాత్రం కిటికీలు మూసి స్లయిడ్లు వెయ్యగానే నిద్రపోయేదాన్ని. నన్ను మొదటిసారి మేలుకొలిపింది చెవుల పాఠం. పాత శిల్పులు పేరు చెక్కుకోలేదు కదా, ఏది ఎవరి పనో ఎట్లా తెలుస్తుందని ఎవరో అడిగారు.

"ముఖం దగ్గర అందరూ జాగ్రత్తగా ఉంటారమ్మా. చెవుల దగ్గరా వేళ్ళ దగ్గరా చెయ్యి తన అలవాటు ప్రకారం పోతుంది. అక్కడ దొరికిపోతారు" అన్నారు మేడం.

ఆమెది గుంటూరు జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకుని ఒక్కరే ఉండేవారు. తెలంగాణ ఉద్యమం ముదిరిన ఏడాది, ఒకరోజు అందరికంటే ముందు క్లాసుకు వెళ్ళి బ్లాక్‌బోర్డు మీద 'ఆంధ్రా మేడం వాపస్ పో' అని రాశాను. ఆమె వచ్చి చదివారు. తుడవలేదు. మిగిలిన సగం బోర్డు మీదే ఆ రోజు పాఠం చెప్పారు. బెల్లు కొట్టాక నన్ను ఉండమన్నారు.

"నేను పాలు కొనే షాపు బోర్డు మీ నాన్నగారే రాశారట కదూ?"

"అవును మేడం."

"అక్షరాల తలకట్టు నువ్వూ ఆయనలాగే కుడివైపుకి లాగుతావు."

నేను బోర్డు వైపు తిరిగి నా అక్షరాలు చూసుకున్నాను.

"మీ డిమాండ్ నేను ఒప్పుకోను. ఎవరడిగినా అదే చెప్తాను. నువ్వు కూడా నీ మాట నా ముందు చెప్పి ఉంటే బాగుండేది. తుడిచేసి వెళ్ళు."

తుడిచేసి వెళ్ళాను. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ ఏడాది నాకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చింది ఆమె పేపర్‌లోనే.

తర్వాత సమ్మె మొదలై కాలేజీకి తాళం పడింది. ఊరేగింపు కోసం ముప్పై అడుగుల బ్యానర్ వెయ్యాలనుకున్నాం. అంత గుడ్డ పరిచే జాగా మా కిరాయి గదుల్లో ఎక్కడిది? తిరిగి తిరిగి, చివరికి నేనే మేడం ఇంటికి పోయాను.

"మీ డాబా జర మూడు రోజులు ఇస్తరా మేడం?" అని అడిగాను. ఈసారి ఎదురుగా నిలబడే అడిగాను. "ఉద్యమం బొమ్మనే."

"ఏం బొమ్మ?"

"పండ్ల మార్కెట్ల గంపలు మోసే ఆడోళ్ళు. జెండా పట్టుకొని వస్తున్నట్టు."

మేడం డాబా తాళంచెవి తెచ్చి ఇచ్చారు. రెండో రోజు పైకి వచ్చి మా బొమ్మ చూసి, "బరువు మోసేవాళ్ళ మెడలు ఇలా ఉంటాయా?" అన్నారు. తెల్లవారాక మమ్మల్ని గడ్డిఅన్నారం మార్కెట్‌కు తీసుకెళ్ళి గంటసేపు నిలబెట్టారు. మామిడి గంపల కింద మెడ నరాలు ఎట్లా బిగుసుకుంటాయో చూశాం. వచ్చి ఆరు మెడలు చెరిపి మళ్ళీ వేశాం.

ఇంటి ఓనరుదీ ఆంధ్రానే. ఆయన మెట్లెక్కి వచ్చి అరిచాడు. "ఏంటండీ మేడం ఇది? మనవాళ్ళై ఉండి మీరే ఇలా చేస్తే ఎలాగండీ?"

"వీళ్ళు నా స్టూడెంట్సండీ. కాలేజీకి తాళం వేశారు. ఇంకెక్కడ వేసుకుంటారు?" అన్నారామె.

నెల తిరక్కుండా ఆయన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. కర్మన్‌ఘాట్‌కు ఎందుకు మారారో మాకు చెప్పలేదు. ఏడాది తర్వాత పాలషాపాయన చెప్తే తెలిసింది. "ఏంది మేడం, మా వల్లనేనా?" అని అడిగితే, "ఇక్కడ వెలుతురు బాగుంటుంది" అన్నారు.

ఊరేగింపు రోజు పొద్దున ఆ డాబా మీంచి బ్యానర్ దించుతుంటే మేడం చేత్తో తాకి చూశారు. "ఇంకా పచ్చిగా ఉంది. మడత పెట్టకండి, మెడలు అతుక్కుంటాయి" అన్నారు. విప్పిపట్టుకునే నడిచాం. కొత్తపేట దాటాక పక్కకు చూస్తే, జనానికి అవతల, రోడ్డు అంచున ఆమె కనిపించారు. నినాదాలు ఇవ్వలేదు, బ్యానర్ వెనక నడవలేదు. నల్ల గొడుగు వేసుకుని, ఎండలో, మేము ఆగితే ఆగుతూ మేము కదిలితే కదులుతూ, ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఆ బొమ్మతో సమానంగా నడిచారు.