కొయ్య దిమ్మె, తొమ్మిది అంకెలు

మా చిన్నప్పుడు... వేలూరులో ఒక బళ్ళో, పొడుగాటి బల్ల ముందు నిలబడి, చేతిలో కొయ్య దిమ్మె పట్టుకుని ఉన్నాను. నాకు పన్నెండేళ్లు. గుడియాత్తం నుంచి పొద్దున రైలుకు నాయన తీసుకొచ్చాడు. ఆ పరీక్ష గట్టెక్కితే ఆడపిల్లల హైస్కూల్లో ఉచితంగా చదువు, అక్కడే తిండీ పడకా. తప్పితే ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టుకోవడమే... మా అక్కలిద్దరూ చేస్తున్నది ఆ పనే.

లెక్క సులువే. దిమ్మె పొడవు, వెడల్పు, ఎత్తు స్కేలుతో కొలవాలి. త్రాసులో తూచాలి. ఒక ఘనపుటంగుళం కొయ్య ఎన్ని ఔన్సులో చెప్పాలి. స్కేలు మీద అంగుళాన్ని పది భాగాలుగా గీశారు. కొలిచాను, తూచాను, హెచ్చవేశాను, భాగహారం మొదలుపెట్టాను...

మా ఊరి బళ్ళో పాఠం చెప్పే వాద్యారుది ఒకటే సూత్రం. "శేషం మిగిలితే కణక్కు ముగిసినట్టు కాదు పాపా, లాగు!" కణక్కు అంటే లెక్క; దాన్ని మధ్యలో ఆపిన వాళ్లకు బెత్తం దెబ్బ. చివరిదాకా లాగిన వాళ్లకు శభాష్. నేను శభాష్‌లకు అలవాటు పడిన పిల్లను మరి... లాగాను. అది ఆంజనేయుడి తోకలా పెరుగుతూనే ఉంది. 0.484496124 దాకా వచ్చి, కాగితం అయిపోయి ఆగాను. పక్కన ఆర్కాడు నుంచి వచ్చిన పిల్ల 0.48 అని రాసి చేతులు కట్టుకుని కూర్చుంది. పాపం, దానికి భాగహారం రాదు కాబోలని జాలి కూడా పడ్డాను!

పరీక్ష పెట్టింది ఒక దొరసాని. నా కాగితం చాలాసేపు చూసింది. "ఈ స్కేలు మీద పదో వంతు వరకే గీతలున్నాయి కదా. ఈ చివరనున్న 4 అంకె నీకు ఎక్కడ కనిపించింది?" అని వచ్చీరాని తమిళంలో అడిగింది.

"భాగహారంలో వచ్చిందమ్మా" అన్నాను.

ఆమె కోప్పడలేదు. దిమ్మె మళ్లీ నా చేతిలో పెట్టి, "ఇంకోసారి కొలిచి చూడు" అంది.

దారి చూపిస్తోందని నాకు తెలియలేదు... మళ్లీ కొలిచాను. దిమ్మె మూల కాస్త అరిగి ఉంది. ఇందాక 4.3 అంగుళాలు అనుకున్న పొడవు ఈసారి 4.4 లా కనిపించింది. మళ్లీ భాగహారం... 0.473484848. రెండో అంకె దగ్గరే జవాబు మారిపోయింది! రెండో అంకెకే నమ్మకం లేనప్పుడు వెనకాల ఏడంకెలు ఎందుకని తోచలేదు నా బుర్రకు. ఏది నిజం? ఏది కొట్టెయ్యాలి? వాద్యారు దీనికి మందు చెప్పలేదు. ఇంతలో గంట కొట్టారు. రెండూ అలాగే వదిలేశాను. దొరసాని మెల్లగా తల అడ్డంగా ఊపింది.

బయట వసారాలో నాయన కాచుకుని ఉన్నాడు. "ఏం పాపా, కణక్కు బాగా చేసినావా?" అన్నాడు. చేతిలో ఉన్న చిత్తు కాగితం చూపించాను. ఆయనకు చదువు రాదు. ఆ వరుస చూసి మురిసిపోయాడు.

"అబ్బా, ఎంత పొడుగుండాదో! ఆ ఆర్కాడు పాప ఎంత రాసినాది?"

"రెండంకెలే నాయనా."

"అయితే మనదే పైచెయ్యి!"

వేలూరు పక్కనున్న కాట్పాడి స్టేషన్లో రైలెక్కింది మొదలు పక్కనున్న వాళ్లందరికీ ఇదే చెప్పాడు. "మా పాప తొమ్మిదంకెలు దించినాది సామీ!" నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చెప్పాలి... కానీ ఏమని? హెచ్చవేత తప్పలేదు, భాగహారం తప్పలేదు. అయినా ఏదో తప్పు. ఆ తప్పేమిటో నాకే తెలియదు.

కొన్నాళ్లకు కార్డు వచ్చింది. ఉన్న ఒక్క సీటూ ఆర్కాడు పిల్లకు. నేను అక్కల పక్కన చేరాను.

ఒక రోజు పక్కింటి మునుసామి వచ్చాడు. "పడుగు ఎంత మిగిలుండాది అన్నా?" అని అడిగాడు. నాయన మగ్గం మీది నూలును మూరకోలతో కొలిచి, "పదకొండు మూరలు. బెత్తెడు అటో ఇటో" అన్నాడు.

"సరిగ్గా చెప్పన్నా, ఎన్ని అంగుళాలు?"

"మూరకోలతో కొలిసి అంగుళాల లెక్క ఎట్ల చెప్పేది అప్పా? కోలకు తెలియంది నాకెట్ల తెలుస్తాది?"

నా చేతిలో కండె ఆగిపోయింది. దొరసాని అడిగిన దానికి జవాబు అదే... చదువు రాని మా నాయన నోట్లో, మా ఇంట్లోనే ఉంది! వాద్యారు మాట పట్టుకుని వేలాడిన నేను, ఆయన్ని ఏనాడూ ఏమీ అడగలేదు. ఏడుపొచ్చింది. అప్పుడు కూడా నోరు విప్పలేకపోయాను. చెబితే తప్పు తన పాపదేనని తెలిసిపోతుంది కదా...

ఆయన మాత్రం ఆ సంగతి మరిచిపోలేదు. "నేసేవాళ్ల బిడ్డని చిన్నచూపు చూసినారు. లేకుంటే తొమ్మిదంకెల పిల్లని తోసేసి రెండంకెల పిల్లకు ఇస్తారా?" అని వచ్చినవాళ్లందరి దగ్గరా అనేవాడు. పనుండి పిలిచినా వేలూరు గడప తొక్కలేదు. నేను వింటూ, కిక్కురుమనకుండా కండెలు చుట్టేదాన్ని.

ఇప్పుడు మా మనవరాలి సైన్సు పుస్తకంలో ఇదొక పాఠం. సార్థక అంకెలట... కొలిచే సాధనానికి తెలిసినంతే రాయాలట, మిగతాది వదిలెయ్యాలట. అరపూటలో నేర్చేసుకుంది. చూస్తే సంతోషమే... లోపల కాస్త ఉక్రోషం కూడా, దాచడమెందుకు?

మీకూ ఇలా ఇంట్లో చెప్పుకోలేక దాచిన బడి తప్పు ఏదైనా ఉందా...? ఉంటే ఇక్కడ రాయండి. మీ పెద్దవాళ్లు ఉంటే ముందు వాళ్లకు చెప్పండి. మా నాయన ఆ దొరసానిని తిట్టుకుంటూనే పోయాడు... ఆమె తప్పేమీ లేదని నేను చెప్పనే లేదు.