బంట్రోతు నోరు విప్పిన సోమవారం

దివిసీమలోని ఒక మేజిస్ట్రేటు కోర్టులో వీరాంజనేయులు బిళ్ళ బంట్రోతు. వరండాలో నిలబడి కేసులున్నవాళ్ళ పేర్లు మూడేసిసార్లు పిలవడం, హాల్లో గోలైతే "నిశ్శబ్దం!" అనడం ఆయన పని. ఆయన కేకేస్తే రోడ్డవతల కాఫీ హోటల్లో కూర్చున్న ముద్దాయిలు కూడా గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చేవారు. పందొమ్మిదేళ్ళ సర్వీసులో కోర్టు హాల్లో మరో మాట మాట్లాడి ఎరగడు.

1999 ఆగస్టులో ఒక సోమవారం "గంగరాజూ!" అని పిలిచాడు. ఎవరూ రాలేదు. కోర్టు కానిస్టేబుల్ లేచి, "జైల్లోనే ఉన్నాడండి. తీసుకురావడానికి మనుషుల్లేరు," అన్నాడు. గంగరాజు ప్లీడరు ధర్మారావు తలెత్తకుండానే వాయిదా అడిగాడు.

వీరాంజనేయులు గుమ్మంలోనే ఆగిపోయాడు. వలల దగ్గర కొట్లాట కేసులో పట్టుబడిన ఆ జాలరికి, అయిదు నెలల క్రితమే పాత మేజిస్ట్రేటు సొంత పూచీకత్తు మీద బెయిలిచ్చారు. ఆ మాట తన చెవులారా విన్నాడు. ఇన్నాళ్ళూ వాయిదాలు ప్లీడరే అడుగుతుంటే, గంగరాజు బయటే ఉన్నాడనుకున్నాడు. ఇంకా జైల్లో ఉండటమేమిటి?

గంగరాజు భార్య గంగాదేవి వరండాలోనే ఉంది. "అమ్మా, మీ ఆయనకి బెయిలొచ్చింది కదా?" అని అడిగాడు.

"రాలేదంటండి. ఓపిక పట్టమన్నారు ప్లీడరుగారు."

ఇక ఆగలేక హాల్లోకి వచ్చాడు. కొత్తగా వచ్చిన మేజిస్ట్రేటు విజయకుమారి గారు తరువాతి కేసు కట్ట విప్పుతున్నారు.

"అమ్మగారూ, ఒక్క మాటండి!" హాలు అదిరిపోయింది. మెల్లగా మాట్లాడటం ఆ గొంతుకు చేతకాదు.

"బంట్రోతు మాట్లాడటమేంటండీ!" అని ధర్మారావు లేచాడు.

"మాట్లాడనివ్వండి," అన్నారావిడ.

అంతా విని, గంగరాజు కట్ట మళ్ళీ తెప్పించి కాగితాలు తిరగేశారు. బెయిలు ఉత్తర్వు సంతకంతో సహా అక్కడే ఉంది!

"ఇది జైల్లో అమలైందో లేదో చూశారా, ప్లీడరు గారూ?"

"వాళ్ళ తరఫువాళ్ళెవరూ నన్ను కలవలేదండి..."

"ప్రతి వాయిదాకీ మీ ఇంటి ముందే కూచున్నా కదండీ!" గుమ్మంలోంచి గంగాదేవి అరిచింది.

భోజనాల వేళ మేజిస్ట్రేటు గారు నడిచే బయల్దేరారు. సబ్ జైలు రెండు వీధుల అవతలే. వెనకాల వీరాంజనేయులు, గంగాదేవి, ఆ వెనక సగం కోర్టు! జైలు రిజిస్టరు తెరిపిస్తే ఉత్తర్వు అయిదు నెలల క్రితమే అందినట్టు రాసి ఉంది.

"తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉందండి. వివరణ కోసం పక్కన పెట్టాం," అన్నాడు జైలు అధికారి.

"ఎవర్ని అడిగారు వివరణ?"

అతను గబగబా విడుదల కాగితాలు తీశాడు.

మూడు గంటలకల్లా గంగరాజు గేటు బయట ఉన్నాడు. గంగాదేవి అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. జనం ఈలలు వేశారు.

తరువాత జైలు అధికారి సస్పెండయ్యాడు. ధర్మారావు మీద బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు వెళ్ళింది, ఏడాది పాటు నల్లకోటు తొడగలేకపోయాడు. విజయకుమారి గారు అక్కడితో ఆగలేదు. ప్రతి సోమవారం జైల్లో ఉన్నవాళ్ళ జాబితా తలుపులు తీసి అందరి ముందూ చదవాలి, ఒక్కో పేరుకీ ప్లీడరూ జైలు అధికారీ లేచి జవాబు చెప్పాలి అన్నారు. చదివేది వీరాంజనేయులే!

మొదటి సోమవారం బస్సులు దిగి జనం కిటికీలదాకా నిండిపోయారు. నాలుగో పేరు చదివాడో లేదో, ఒక ప్లీడరు అడక్కుండానే లేచి, "ఇవాళే బెయిలు పిటిషన్ వేస్తానండి," అన్నాడు. కిటికీల దగ్గర చప్పట్లు మోగాయి. "నిశ్శబ్దం!" అని అరవాల్సిన వీరాంజనేయులు ఆ పని కాసేపు మరిచిపోయాడు.