బోణీకి చెయ్యి చాపిన ఖాలా

మా గాజుల ఖాలా పోయింది. ఖాలా అంటే పిన్ని, ఊరందరికీ ఆమె ఖాలాయే. సూర్యాపేటలో అంగడి జరిగే రోజు పొద్దున నేను దుకాణం తలుపు తీసి వాకిట్లో నీళ్లు చల్లుతుంటే పక్క గల్లీ దర్జీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఎప్పుడూ గలగల మాట్లాడే మనిషి గొంతు తగ్గించి, "ఖాలా నమాజుకు లేవలేదక్కా. నిద్రలనే పోయింది" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంగడి రోజు పోతారా ఎవరైనా? చచ్చినా సరే అంగడి రోజు దుకాణం ముయ్యొద్దని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి, తనేమో సరిగ్గా ఆ రోజే చూసుకుని పోయింది.

ఇది చదివే ఆడవాళ్లలో చాలామంది చేతులు ఖాలాకు తెలిసే ఉంటాయి. అటు కోదాడ, ఇటు మిర్యాలగూడ, నడుమ ఉన్న ఊళ్లు, పెళ్లి కుదిరిందంటే చాలు, భుజాన మలారం వేసుకుని ఖాలా దిగేది. మలారం అంటే తాళ్లకు గుచ్చిన గాజుల మూట, తెలుసు కదా, దాని బరువుకు ఆమె ఎడమ భుజం కొంచెం కిందికి వాలిపోయి ఉండేది. బుగ్గన పాన్, నెత్తిన తెల్లటి ఓణీ. గాజు తొడిగే ముందు మన చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని కాసేపు ఊరికే ఉండేది. తర్వాత బొటనవేలిని లోపలికి మడిచి, "చెయ్యి మెత్తగ ఇడువు బిడ్డా, గాజు దానంతటదే ఎక్కుతది" అనేది. తొడిగేటప్పుడు గాజు పగిలితే ఆ నష్టం అమ్మేవాళ్లదే, అది మా గాజుల పనిలో కట్టుబాటు. ఖాలా చేతిలో పగలడం నేను చూడలేదు.

మా ఆయన జ్వరంతో పోయిన ఏడాది నాకు మిగిలింది బజారు వైపు తలుపున్న ఒక్క గది. మునగాల దగ్గర గొర్లు కాసుకునే మా తమ్ముడు బండి కట్టుకుని వచ్చాడు. "అక్కా, గీడ ఒక్కదానివి ఏం జేస్తవ్? మంద కాడికి రా. ఇంత జొన్న గటక తాగి ఓ మూలకు పడుందువు" అన్నాడు. వాడి మనసు వెన్న. కానీ ఆ 'పడుందువు' అన్న మాట నా ఒంట్లో ముల్లులా దిగింది. నాకు మూల వద్దు. రాను పొమ్మన్నాను. వాడూ మొండివాడే. "సరే, ఈ పెండ్లిండ్లు దాటేదాక సూస్త. అప్పటికి నీ బతుకు నువ్వు బతకకపోతే బండెక్కియ్యక ఇడువ" అని పోయాడు.

మా గదికి ఎదురుగా ఉన్న తన గాజుల దుకాణం నుంచి ఇదంతా విన్న ఖాలా, తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "గాజులు పెట్టు" అంది.

ముసలిదానికి మతి పోయిందనుకున్నాను. "బోసి చేతులతోని గాజులు అమ్ముడా ఖాలా? మొకాన ఉమ్మేస్తరు."

"నావి సూడు" అని రెండు చేతులూ ముందుకు చాపింది. అవీ బోసివే. "నీ ఈడుకన్న ముందే పోయిండు మా ఆయన. గప్పటిసంది ఊరి పెండ్లిండ్లన్నిటికి గాజులు ఈ చేతులే ఏసినయి. ఎవ్వరన్న అడిగిండ్రా?"

"నిన్నెవలడుగుతరు, నువ్వు ఖాలావు."

"అరె, పేరంటే గదే బిడ్డా! పేరున్నోళ్ల కాడ సరుకు సూస్తరు. పేరు లేనోళ్ల కాడ మనిషిని సూస్తరు. పేరొచ్చేదాక జర సబర్ జెయ్యాలె."

దర్జీ ఊరుకుంటాడా! "ఏంది ఖాలా, నీ ఎదురుంగనే నీకు పోటీ పెట్టుకుంటున్నవ్?" అని నవ్వాడు. ఖాలా కూడా నవ్వింది. "ఒక్క దుకాణముంటే అది గల్లీ రా. నాలుగుంటే బజార్. బజారైతెనే ఊర్లకెల్లి మంది బండ్లు కట్టుకొని ఒస్తరు." ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. బజారులో మాటలు అందరూ వాడతారు గానీ, వాటి లోతు దుకాణం పెట్టినవాళ్లకు తప్ప తెలియదు.

ముందు నన్ను తన వెంట తిప్పుకుంది. కోదాడలో మొదటిసారి మా చుట్టూ ఆడవాళ్లు మూగితే, నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "ఎంత గిరాకి ఖాలా!" అన్నాను చెవిలో. "ఏడున్నది?" అంది ఆమె నింపాదిగా. "సూసెటోళ్లు గిరాకి కాదు. చెయ్యి చాపినోళ్లే గిరాకి. సూసెటోళ్లను గూడ కసురుకోవద్దు మల్ల, రేపు చాపెటోళ్లు ఆళ్లే." అక్కడ ఒకామె, మాటలో కృష్ణా అవతలి యాస, గాజులన్నీ తొడిగించుకున్నాక, "ఇంకొకటి వెయ్యవమ్మా, నీ సొమ్మేం పోద్ది?" అని కొసరు అడిగింది. ఖాలా నవ్వుకుంటూ ఇంకో గాజు తొడిగింది. నేనూ పెద్ద తెలివిగా, పక్కన కూర్చున్న పిల్లకు బేరం కూడా కాకముందే, ఒక గాజు ఊరికే ఇస్తానన్నాను. ఆ పిల్ల అనుమానంగా నా గాజులన్నీ వెలుతురుకు పెట్టి, పగుళ్లున్నాయేమోనని చూసి లేచిపోయింది. ఖాలా నా తొడ మీద గిల్లింది. "కొసరు ముందలిస్తె లంచం. ఎనకాలిస్తె పాయిరం" అంది. పాయిరమంటే ప్రేమ.

అయితే ఖాలా దగ్గర నేను నేర్చుకున్న అసలు పాఠం మిర్యాలగూడలోది. "ఈ పాలి సరుకు నువ్వే ఏరు" అని నా మీదే వదిలేసింది. కోదాడలో చూసిన సోకులు నా కళ్లలో ఇంకా మెరుస్తున్నాయి కదా, సన్నటి గాజులు, బంగారు చుక్కలవి, ఏరి ఏరి గుచ్చాను. మిల్లుల దగ్గర వడ్లు ఆరబోసే ఆడవాళ్లు వాటిని చూసి మురిసిపోయారు. తొడిగాను. నా అంతటిది లేదనుకుని కూర్చున్నాను. పొద్దు నెత్తి మీదికి రాకముందే వాళ్లలో ఒకామె చేట చంకన పెట్టుకుని రుసరుసలాడుతూ వచ్చింది. "గివేం గాజులే తల్లీ! చేట పట్టి నాలుగు సార్లు చెరగంగనే టపటప రాలినయి. వడ్లల్ల గాజు పెంకులు పడితే మేస్త్రి నన్ను ఇడుస్తడా?" అని నిలదీసింది. మణికట్టు మీద నెత్తుటి గీత కూడా ఉంది.

ఖాలా ఆమెను కూర్చోబెట్టింది. గీత మీద కొంచెం నూనె రాసి, తన మూటలోంచి మందపాటి మట్టి రంగు గాజులు తీసి తొడిగింది, ఏమీ తీసుకోలేదు. చూడటానికి అందం లేని గాజులు అవి. ఆమె చెయ్యి ఒకసారి చేట విసిరినట్టు ఆడించి చూసుకుని, చల్లబడి పోయింది. తిరుగు బండిలో నేను తల దించుకుని కూర్చుంటే ఖాలా ఒక్కటే మాట అంది. "నీకు నచ్చినయి ఏరినవ్. కొనేది నువ్వా?"

ఇప్పటికీ పట్నం నుంచి వచ్చిన సరుకు విప్పినప్పుడల్లా ఆ మాట చెవిలో మోగుతుంది. ఊరూరికి చెయ్యి వేరు. మిర్యాలగూడ చెయ్యి చేట పట్టేది, కోదాడ చెయ్యి నలుగురిలో తిప్పేది, మా సూర్యాపేట చెయ్యి పెళ్లికి ఆకుపచ్చ అడిగేది. మనిషి మొహం కన్నా ముందు ఖాలా అరచేయి చూసేది. ఎవరు నాట్లు వేస్తారో, ఎవరు పాలు పితుకుతారో ఆ చెయ్యే చెప్పేదట. నేను ఎంత చూసినా నాకు సగమైనా తెలియదు.

ఇక నా దుకాణం. పెళ్లిళ్ల కాలంలో ఒక అంగడి రోజు తెరిచాను. ఆ రోజే బండి కట్టుకుని మా తమ్ముడు కూడా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, వాడి వాయిదా దగ్గరకొచ్చింది మరి. ఆడవాళ్లు వచ్చారు, గాజులు చూశారు, ఆ తర్వాత నా చేతులు చూశారు, పక్కకు జరిగారు. పెళ్లి కుదిరిన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చిన ఒక నడివయసు తల్లయితే నాకు వినబడేటట్టే అంది: "పెండ్లి గాజులు ముండమోపి చేతుల మీదికెల్లా? నడువే." నాకు నేల చీలితే బాగుండనిపించింది. తెర కట్టుకుని దాని వెనక కూర్చుంటానని ముందే ఖాలాను అడిగాను. "మొకం దాసిన దుకాణంల సరుకు గూడ దొంగదే అనుకుంటరు" అని ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు లోపలికి పోయి గొళ్లెం పెట్టుకోవడం ఒక్కటే మిగిలింది. తమ్ముడు బండి కాడి సర్దుతున్నాడు.

అప్పుడు ఖాలా లేచింది. తన దగ్గర కూర్చున్న గిరాకిని అట్లాగే వదిలేసి, బజారు దాటి వచ్చి, నా చాప మీద కూర్చుంది. ఓణీ పైకి జరిపి చెయ్యి చాపింది.

"ఎయ్యి బిడ్డా. ఆకుపచ్చయి."

"ఎవలికి ఖాలా?"

"ఎవలికేంది, నాకే. కండ్లు కనిపిస్తలేవా?"

మంది గుసగుసలు పోయారు. "తోబా, గీ వయసుల గిదేం సోకు" అని ఎవరో అన్నారు. ఖాలా తల తిప్పింది. "మా ఆయన పోయిననాడు గాజులు దీసిండ్రు. చేతులు దీయలె గద!" అంది. తర్వాత ఆ నడివయసు తల్లిని పట్టుకుంది. "ఇగో, నీ పెండ్లికి గాజులు ఎవలేసిండ్రు?"

"నువ్వే ఖాలా."

"గప్పటికి మా ఆయన ఉన్నడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ సంసారం సల్లగ లేదా? ఇద్దరు కొడుకులు, బంగారమసొంటి బిడ్డ. మరి నా చేతులేం జేసినయే నిన్ను?"

నేను ఆకుపచ్చ గాజులు తీశాను. మూటలు మోసి మోసి ఖాలా చెయ్యి బండబారిపోయింది, మొదటి గాజు పిడికిలి దగ్గరే పుటుక్కుమంది. "నష్టం నీదే" అని ఆమె కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బొటనవేలు మడిచి, "చెయ్యి మెత్తగ ఇడువు ఖాలా" అన్నాను. ఇడిచింది. గాజులు ఎక్కాయి. బోణీ చేతిలో పెట్టి కళ్లకద్దుకోమంది. ఆపైన "నా కొసరేది?" అని దబాయించి ఇంకొకటి తొడిగించుకుని, లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి గలగలమని ఊపింది. "సూసిండ్రా? నమూనా గిది!" అంది బజారంతా వినేటట్టు.

ఆ తల్లి కొంచెంసేపు కొంగు నలుపుకుంది. తర్వాత బిడ్డను నా చాప మీద కూర్చోబెట్టి, "ఎయ్యమ్మా" అంది. మా తమ్ముడు బండి తిప్పుకుని, "ఇగ నేను వోత అక్కా, గొర్లు ఆగయి" అన్నాడు. వాడు మళ్లీ మూల సంగతి ఎత్తలేదు.

ఆ గాజులు ఖాలా తీయలేదు. సొంతవాళ్లే మందలించారు, తీయలేదు. ఊళ్లల్లో మతాల గొడవలు లేచి అందరూ పరేషాన్ అయి, దుకాణాలు సగం మూతపడ్డ రోజుల్లో ఆమె చుట్టాలు చాలామంది పట్నం వెళ్లిపోయారు. నువ్వూ పోతావా అని నేను భయంభయంగా అడిగితే, "నా గిరాకంతా గీడుంటే గాడికి వోయి ఎవలికెయ్యాలె?" అని కసిరింది. ఆ రోజుల్లో మేమిద్దరం ఒక్క అరుగు మీదే కూర్చునేవాళ్లం. ఆమె ఉంటే నాకు భయం ఉండేది కాదు, నేనుంటే తనకూ ఉండదని ఆమె అనేది.

మొన్న ఆమె పోయిన పొద్దున నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆఖరి స్నానం చేయించేశారు. ఆమె చెల్లెలి బిడ్డ నన్ను పక్కకు పిలిచి, ఒక గుడ్డముక్క చేతిలో పెట్టింది. "స్నానానికి తీసినం. గివి నీ దుకాణంవే గద" అంది. విప్పి చూస్తే ఆకుపచ్చ గాజులు. కొసరుతో సహా అన్నీ ఉన్నాయి, ఒక్కదానికీ పగులు లేదు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. గోడకు తల ఆనించి పసిపిల్లలా ఏడ్చాను.

ఖాలాను మోసుకుని జనాజా వెళ్లిపోయాక వచ్చి దుకాణం తెరిచాను. అంగడి రోజు కదా, ముయ్యొద్దంది కదా. ఎప్పటిలాగే ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు, ఎవరూ బేరం ఎత్తలేదు. ఆ రోజు ఇంకా బోణీ కాలేదు. నేను చాప మీద కూర్చుని గుడ్డ విప్పాను. మా ఆయన పోయినప్పటి నుంచి ఖాళీగా ఉన్న నా చేతిని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచాను. ఖాలా చెయ్యి నా చేతికన్నా చిన్నది. మెత్తగా ఇడువు, మెత్తగా ఇడువు, అనుకున్నాను. గాజు దానంతటదే ఎక్కింది.

ఎదురుగా ఆమె దుకాణం తలుపు మూసి ఉంది. ఆ తలుపు వైపు చెయ్యి ఎత్తి గట్టిగా ఊపాను.