గప్పీ చేపకు చింతపండు రసం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఏ అంకె తేడాగా కనిపించినా సరిచేసేదాకా నాకు నిద్రపట్టేది కాదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే పని, కూకట్‌పల్లిలో కిరాయి గది. కడప నుంచి వచ్చినవాణ్ణి, పలకరించే దిక్కులేక ఒక చేపల తొట్టి కొన్నాను. ముందు నీళ్లలో మంచి సూక్ష్మజీవులు పెరగాలని దుకాణమాయన చెబితే, నెలరోజులు ఖాళీ నీళ్లకు కాపలా కాశాను. (ఇంటి ఓనరమ్మ వచ్చి "చేపలేవి బిడ్డా?" అంటే, చుట్టాల కోసం ఎదురుచూస్తున్నవాడిలా "ఇంకా రాలేదమ్మా" అన్నాను.)

చివరికి ఒక గప్పీల జంట వచ్చింది. ఆడచేపను 'మేడమ్' అనేవాణ్ణి. నేను ఆఫీసు నుంచి రాగానే అద్దం దగ్గరికొచ్చి తోక ఊపేది. ఇంత పెద్ద ఊళ్లో నేనొచ్చానని సంతోషించే ప్రాణి అదొక్కటే.

ఒకనాడు పరీక్ష కాగితం ముంచి చూస్తే నీళ్ల పీహెచ్ ఎనిమిది. ఏడుండాలని ఎక్కడో చదివాను. బోరు నీళ్లు మరి! తగ్గాలంటే పులుపు కలపాలి, పులుపంటే మనకు తెలిసింది చింతపండే. అమ్మకు ఫోన్ చేసి "మూడు బిందెల నీళ్లకు ఎంత చింతపండు వేయాలమ్మా?" అన్నాను.

"అంత రసమెందుకు నాయనా? రూముకు ఎంతమంది వస్తాండారు?" అని అమ్మ కంగారుపడింది.

రసం పిండి పోశాను. పీహెచ్ ఆరుకు దిగింది. అయ్యో, మరీ తగ్గిందే అని వంటసోడా వేశాను. ఎనిమిది దాటింది. మళ్లీ చింతపండు. నాలుగు రోజులు ఇదే తంతు. మేడమ్ తిండి మానేసి, పొట్ట ఉబ్బి, ఓ మూల అడుగున చేరి రొప్పసాగింది. చేజేతులా చంపుకుంటున్నానని భయపడ్డాను. ఇంట్లోవాళ్లకు ఒంట్లో బాగాలేదని మేనేజరుకు రాసి సెలవు పెట్టాను. (అబద్ధమేమీ కాదు.)

మోటారు వేయాలా అని అడగడానికి ఓనరమ్మ వచ్చేసరికి, నేను మోచేతుల దాకా చింతపండులో ఉన్నాను.

"ఏంది బిడ్డా! చేపలున్న నీళ్లల్ల చింతపండు పిసుకుతున్నవ్? ఇగ పొయ్యి ముట్టిచ్చుడొక్కటే తక్వ!"

సంగతంతా చెప్పాను. ఆవిడ (వాళ్ల నాన్న చెరువులో చేపలు పెంచేవాడట) అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"నీళ్లు ఎన్మిదే ఉండనీ, ఒక్క తీరుగుంటే దానికి అలవాటైతది. పూటకో తీరు జేస్తే ఎట్ల బతుకుతది? జర చేతులు కట్టుకొని కూసో." అని మళ్లీ వంగి చూసి, పకపకా నవ్వింది. "రోగం గాదు బిడ్డా, కడుపుతోటున్నది! పులుపు తినబుద్దైతున్నదని నీకేమన్న చెప్పిందా?"

ఆ రోజు నుంచి తొట్టిలో చెయ్యి పెట్టలేదు. పెట్టకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు. నాలుగోరోజు సాయంత్రం తలుపు తీసేసరికి, నీటిమొక్కల మధ్య ఆవగింజంత కళ్లతో ఏవో కదులుతున్నాయి. పిల్లలు! (గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయట.) లెక్కపెడదామంటే కళ్లలో నీళ్లు అడ్డొచ్చాయి. మేడమ్ మాత్రం పైకొచ్చి మేత అడిగింది.

మర్నాడు పొద్దున ఆఫీసులో, ముందురోజు ఎవరేం చేశారో అందరూ నిలబడి చెప్పుకునే రోజువారీ మీటింగు. "నిన్న ఏం చేశావ్?" అన్నాడు మేనేజరు.

"ఏమీ చేయలేదు సార్!" అన్నాను, ముఖమంతా నవ్వుతో. జట్టంతా నన్ను వింతగా చూసింది.

ఇప్పుడు మేనేజరునయ్యాక రోజూ పొద్దున ఆ ప్రశ్న అడిగేది నేనే. అంత గర్వంగా ఆ జవాబు చెప్పినవాణ్ణి మళ్లీ ఒక్కణ్ణీ చూడలేదు.