హోరు వినపడని ఇల్లు

తిరుమలగిరి చౌరస్తాలో నా కళ్ళద్దాల కొట్టుకూ దయాకర్ ఆఫీసుకూ మధ్య ఒకటే గోడ. అతను అటు తుమ్మితే నేను ఇటు నుంచి చిరంజీవ అంటాను. నా పేరు బ్రహ్మచారి, ఇద్దరు పిల్లల తండ్రిని. ఆ పేరు మీద జోకులన్నీ ఇప్పటికే అందరూ వేసేశారు, మీరు శ్రమపడక్కర్లేదు.

దయాకర్ చేసే పని, రిటైరైన వాళ్ళకు విదేశాల్లో సముద్రం ఒడ్డున ఇళ్ళు వెతికి పెట్టడం. మూడు నెలలకో, ఆరు నెలలకో అద్దెకు. మొదట్లో పాస్‌పోర్టు ఫారాలు నింపేవాడు. పెన్షన్ తీసుకుంటున్న మిలిటరీ వాళ్ళు, బ్యాంకు వాళ్ళు వచ్చి అడగడం మొదలుపెట్టాక ఇదే వృత్తి అయింది. పని మాత్రం శుభ్రంగా చేస్తాడు. ఇంటి ఓనరును వీడియో కాల్‌లో పెట్టి గంటసేపు ఇల్లంతా తిప్పిస్తాడు. గేటు నుంచి ఇసక దాకా ఎన్ని అడుగులు, మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ ఉందా, బాత్రూం గడప ఎంత ఎత్తు, మంచం మీంచి కాళ్ళు నేలకి ఆనుతాయా? మోకాళ్ళు అరిగిన మనిషి ఏమేం అడుగుతాడో అన్నీ తనే అడుగుతాడు. కుళాయి తిప్పించి నీళ్ళ రంగు చూస్తాడు.

ఆడేది ఒక్కటే అబద్ధం. ఎవరు అడిగినా "నేనే పోయి ఉండొచ్చిన" అంటాడు. విమానం సంగతి అటుంచండి, దయాకర్‌కు లిఫ్టంటేనే భయం. బొల్లారంలో ఐదో అంతస్తులో ఉన్న చెల్లెలింటికి ఆయాసపడుతూ మెట్లెక్కి పోతాడు. పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు. ఆ సంగతి నాకు తెలుసు. వ్యాపారంలో ఇదంతా మామూలే అనుకుని ఊరుకున్నాను. జరిగినదాంట్లో నాకూ వాటా ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

జనవరిలో కాప్రా నుంచి శేషారత్నంగారు వచ్చారు. ఆవిడ భర్త నరసరాజుగారు భీమవరం వైపు మనిషి. ఇక్కడ మోటారు పంపుల వ్యాపారం చేసి, గుండె ఆపరేషన్ తర్వాత కొట్టు మూసేశారు. సముద్రం పక్కన నాలుగు నెలలు ఉండాలని ఆయన కోరిక.

"సముద్రం మీ వైపే ఉంది గదమ్మా, పరాయి దేశం ఎందుకు?" అన్నాను. అడిగే పని నాకు లేకపోయినా అడిగాను.

"అక్కడైతే చుట్టాలొస్తారండీ. ఆపరేషన్ కథ రోజుకో ఇద్దరికి మొదట్నుంచీ చెప్పాలి" అన్నారావిడ. తర్వాత దయాకర్ వైపు తిరిగారు. "చూడండి దయాకర్ గారూ, ఆయనకి నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉంటుంది. డాక్టర్లు గాలి మాస్కు ఇచ్చారు గానీ నిద్రలో పీకేస్తారు. ఆగినప్పుడు నేను తట్టాలి. తడితే మళ్ళీ పీలుస్తారు. ఆరేళ్ళుగా ఆ ఊపిరి వింటూనే పడుకుంటున్నాను. ఆగిందంటే నాకు మెలకువ వచ్చేస్తుంది. మెట్లూ గడపలూ ఎలా ఉన్నా సర్దుకుంటాం. పడగ్గదిలోకి సముద్రం హోరు ఎంత వస్తుందో అదొక్కటీ చెప్పండి."

శ్రీలంక దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో ఇల్లు చూశాడు దయాకర్. ఓనరు చేత ఫోను పడగ్గది మంచం మీద పెట్టించి, కిటికీలు మూయించి, ఆ గదిలోంచి అందర్నీ బయటికి పొమ్మన్నాడు. ఇక్కడ మేమిద్దరం చెవులొగ్గి విన్నాం. హోరు లేదు. పైన ఫ్యాన్ తిరగడం కనిపిస్తోంది, దాని చప్పుడు కూడా రాలేదు. మా ఇద్దరిలో ఒక్కడికైనా అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు ఆవిడకు చెప్పాడు. "జెర సుత పరేషాన్ గాకున్రి అమ్మా. ఆ రూంల నేను మూడు రాత్రులు పండుకున్న. సూది పడ్డా వినపడ్తది."

"మీరే పడుకున్నారు కదా?" అని ఆవిడ ఇంకోసారి అడిగారు. నేను అక్కడే నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను. నోరు మెదపలేదు.

ఫిబ్రవరిలో వెళ్ళారు. మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి మేము చాయ్ తాగుతుంటే ఫోనొచ్చింది. దయాకర్ స్పీకరు పెట్టాడు.

"రెండు రాత్రులైందండీ నేను పడుకుని" అన్నారు శేషారత్నంగారు. గొంతు అరిగిపోయినట్టుంది. "హోరు తప్ప ఏమీ వినపడ్డం లేదు. ఆయన పక్కనే ఉన్నారు, అయినా ఊపిరి వినపడదు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చుంటున్నా. మీరు పడుకున్న గది ఇదేనా? మీకెలా వినపడలేదండీ?"

"గట్లెట్ల అయితదమ్మా, మేము విన్నం గద" అన్నాడు దయాకర్.

"కిటికీ దగ్గర పెడుతున్నా, వినండి."

విన్నాం. ఫోనులో ఏ చప్పుడూ లేదు. చౌరస్తాలో బస్సుల హారన్లు తప్ప నాకేమీ వినపడలేదు. "వింటున్నారా? ఎంత గట్టిగా ఉందో విన్నారా?" అని ఆవిడ అరుస్తున్నారు. ఆవిడ మాట స్పష్టంగా వస్తోంది, సముద్రం రావడం లేదు. మాట తప్ప మిగిలిన చప్పుళ్ళను ఈ ఫోన్లు కోసేస్తాయని అప్పుడు అర్థమైంది మాకు. దయాకర్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"వాపస్ వచ్చేయున్రి అమ్మా."

"ఎలా రమ్మనను? పొద్దున్నే వెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడుతున్నారు. ఆపరేషనయ్యాక ఆయన నవ్వడం ఇదే చూడ్డం. నేను మేలుకుని ఉన్నానని ఆయనకి తెలీదు. ఇవాళ రాత్రి నాకు నిద్ర పట్టేస్తుందండీ. అదే భయంగా ఉంది."

ఆ క్షణంలో దయాకర్ ఇంకో అబద్ధం ఆడతాడనే అనుకున్నాను. అతను లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నేను ఆ ఇంటికి ఎన్నడూ పోలే. ఏ ఇంటికీ పోలే."

ఆవిడ ఫోను పెట్టేశారు.

గంట తిరగకుండా సముద్రం నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి, కొబ్బరితోటల వెనక ఇంకో ఇల్లు సంపాదించాడు. ఆ సంగతి చెప్పడానికి ఫోను చేస్తే ఆవిడ ఒకటే అడిగారు. "ఇదీ ఫోనులోనే విన్నారా?"

"లేదమ్మా. వస్తున్న" అన్నాడు. చెప్పాక తనే అదిరిపడ్డట్టు నా మొహం చూశాడు.

మధ్యాహ్నానికి వీసా వచ్చింది. సాయంత్రం విమానానికి నేనే తీసుకెళ్ళి దింపాను. దారి పొడుగునా ఒకటే మాట. "ఆయనకేమన్న అయితే నేనే చంపినట్టు, చారన్నా." విమానం పైకి లేచేటప్పుడు ధైర్యం కోసం ఆవిణ్ణి తలుచుకున్నాడట. భయం తగ్గలేదు, ఒకటి ఉన్నది రెండయింది.

తెల్లారేసరికి టాక్సీలో ఆ ఊరు చేరాడు. ఇల్లు ఇంకా కనబడకముందే హోరు వినపడింది. కారు అద్దాలు ఎత్తినా ఆగలేదు. వరండాలో శేషారత్నంగారు గోడ పట్టుకుని ఉన్నారు. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుందని రాత్రంతా మంచం పక్కన నిలబడే ఉన్నారట. నరసరాజుగారు మాత్రం హుషారుగా ఎదురొచ్చి, "మూడు రాత్రులు ఉన్న ఇల్లేగా, మళ్ళీ చూడబుద్ధేసిందా?" అన్నారు. దయాకర్ తల దించుకున్నాడు. ఆవిడ అతన్ని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదన్నాడు నాతో.

పదింటికి సామాను సర్ది తోట వెనక ఇంటికి మారారు. భోజనాలయ్యాక రాజుగారు కునుకు తీయడానికి పడుకున్నారు. దయాకర్ పక్క మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. సముద్రం లేదు. ఫ్యాను కిర్రుమంటోంది. దాని కింద ఆయన ఊపిరి వస్తూ పోతూ ఉంది.

"వినపడుతోందా?" అని గుమ్మం దగ్గర కుర్చీలోంచి అడిగారావిడ.

"వినపడ్తున్నదమ్మా. మీరూ వినున్రి."

చూస్తే ఆవిడ తల గోడకి ఆనిపోయి ఉంది. మూడు రాత్రుల నిద్ర.

అంతలో ఊపిరి ఆగింది.

లేపుదామని దయాకర్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నోరు తెరుచుకుని, చెప్పులు కూడా విప్పకుండా నిద్రపోతున్నారు. ఫ్యాను తిరుగుతోంది. రాజుగారి ఛాతీ కదలడం లేదు. ఇన్నాళ్ళూ ఏ గదిలో ఏం జరుగుతుందో అన్నీ తెలిసినట్టు చెప్పిన మనిషికి అప్పుడు చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. చివరికి భుజం మీద తట్టాడు. కదల్లేదు. ఇంకోసారి గట్టిగా తట్టాడు.

రాజుగారు గుర్రుమని గాలి లాక్కుని పక్కకి ఒత్తిగిలి, కళ్ళు తెరవకుండానే, "పడుకో రత్నం" అన్నారు.

దయాకర్ మళ్ళీ మంచం అంచున కూర్చున్నాడు. ఆవిడ లేచేదాకా, సాయంత్రం అయిదున్నర వరకూ, అక్కణ్ణుంచి కదల్లేదు.